చాలన్నవాడు, చాలదన్నవాడు

పాత డెస్క్‌టాప్ పక్కరేకు విప్పితే ముందు దుమ్ము కనిపిస్తుంది. దాన్ని బ్లోయర్‌తో ఊదేశాక కనిపించేది ఖాళీ. మదర్‌బోర్డు ఒక గోడకు అతుక్కుని ఉంటుంది, ఎస్ఎంపీఎస్ పైమూల ఎక్కి కూచుంటుంది, వైర్లు నడుమ వేలాడుతుంటాయి. ముందువైపు రేకుతో చేసిన అరల గూడు ఒకటి. ఒక అరలో హార్డ్ డిస్కు ఉంటుంది. తక్కిన అరల్లో కొన్ననాటి నుంచీ ఏమీ ఉండదు.

ఆ ఏమీ లేకపోవడం ఊరికే రాలేదు. రేకు కోశారు, వంచారు, స్క్రూ పట్టేచోట కొలిచి రంధ్రాలు కొట్టారు. లక్షల డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో ఒక్కో అరకూ ఖర్చుంది. కొన్నవాళ్లలో చాలామంది జన్మలో ఆ అర వైపు చూడరని చేసినవాడికి తెలుసు. అయినా చేశాడు. మన ఊళ్లలో డాబా వేసినవాళ్లు పిల్లర్ల మీద ఇనప చువ్వలు కోయకుండా వదిలేస్తారు చూడండి, అలాంటి పని ఇది. చేతిలో డబ్బు అయిపోయి ఆపేసిన ఇంటి మీద కూడా ఆ చువ్వలుంటాయి, అబ్బాయి పెళ్లినాటికి పైన ఇంకో వాటా వేద్దామన్న ఆలోచనతో. వానకు తుప్పు పడతాయి, ఊరి అందం గురించి మాట్లాడేవాళ్లకు కంటగింపుగా ఉంటాయి. నాకు మాత్రం వాటిమీద గౌరవం. రేపు ఏం కావలసి వస్తుందో నాకు తెలియదు అని ఇంటాయన ఒప్పుకున్నాడు, ఒప్పుకుని దానికి తగ్గ ఏర్పాటు చేశాడు.

అదే డబ్బాలో ఇంకో రకం మనిషి చేతిపని కూడా ఉంది. అతను రేకు జోలికి పోలేదు, అంకెలతో పని చేశాడు. ‘ఇంత చాలు’ అని గీత గీసి వెళ్లిపోయాడు. పాత కంప్యూటర్‌కు మరో హార్డ్ డిస్కు తగిలించాలంటే ఈ ఇద్దరితోనూ వ్యవహారం పడుతుంది.

నాకు ఆ వ్యవహారం తెనాలిలో పడింది. మా బాబాయికి అక్కడ డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, స్కూలు సావనీర్లు, మధ్యమధ్య కవుల పుస్తకాలు. మెషీన్ పెంటియం 4. ఇంటెల్ 865 చిప్‌సెట్ బోర్డు, 80 జీబీ ఐడీఈ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ. పక్కనే కొత్త కంప్యూటర్ ఉంది, ఆన్‌లైన్ పనులన్నీ దానిమీదే నడుస్తాయి. అయినా పాతదాన్ని తీసేయడు. తీసేయడానికి వీల్లేదు కూడా. ఆ రోజుల్లో చేసిన పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉంది. ఆ పద్ధతిలో తెలుగక్షరానికి తనదంటూ ఒక సంఖ్య లేదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన సంఖ్యల మీదే ఇక్కడో తలకట్టు, అక్కడో ఒత్తు, ఇంకోచోట ఒక కొమ్ము సర్దేశారు. ఫాంటు ఉంటే అది తెలుగు. లేకపోతే ఎవరికీ అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల గుంపు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది, కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. 2001లో వచ్చిన ఏడో వెర్షనే దానికి ఆఖరిది. పాత మాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. మాటర్ వస్తుంది గానీ పేజీ రాదు. ఏ పద్యం ఏ పుటలో ఆగాలో, ఏ శీర్షిక ఎంత జరగాలో కూర్చుని చేసిన పని మొత్తం పోతుంది.

ఆ పని విలువ ఏమిటో ఒకాయన వచ్చిన రోజున తెలిసిందని బాబాయి చెబుతాడు. రిటైరైన తెలుగు మేస్టారొకరు సొంత డబ్బుతో పద్యాల పుస్తకం వేయించుకున్నారు, ఐదొందల కాపీలు. ఆయన పోయాక కొడుకు వచ్చాడు, సంవత్సరీకానికి మళ్లీ అచ్చు వేయించాలని. చేతిరాత ప్రతి లేదు. ఇంట్లో మిగిలిన పుస్తకాలకు చెద పట్టింది. బాబాయి ఈ డ్రైవ్‌లో వెతికితే మూడు ఫోల్డర్లు దొరికాయి: ‘మేస్టారు ఫైనల్’, ‘మేస్టారు ఫైనల్ న్యూ’, ‘మేస్టారు ఫైనల్ లాస్ట్’. డీటీపీ చేసేవాళ్లెవరికైనా ఈ పేర్లు చూస్తే నవ్వొస్తుంది, మూడింటిలో ఏది నిజంగా ఆఖరిదో వాళ్లకు తెలుసు గనక: మూడూ కావు. మేస్టారు చివరి ప్రూఫు దిద్ది ఇచ్చిన ప్రతి ఇంకెక్కడో ‘న్యూ ఫోల్డర్ (2)’లో ఉంది. దొరికింది. అచ్చయింది. ఆ తర్వాత బాబాయి ఏ ఫైలూ తుడపలేదు.

తుడపకపోతే నిండుతుంది. 2011లోనే ఇంకో డిస్కు కొందామనుకున్నాడట. ఆ ఏడు థాయిలాండ్ వరదల్లో మునిగింది. ప్రపంచం వాడే హార్డ్ డిస్కుల్లో పెద్ద వాటా అక్కడే తయారయ్యేది. వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలోకే నీళ్లొచ్చాయి. చావో ప్రయా నది పొంగితే తెనాలిలో డిస్కు రేటు పెరిగింది. తగ్గాక చూద్దాంలే అనుకున్నాడు. తగ్గింది, కానీ ఈలోగా డీవీడీలు రాసుకోవడం అలవాటైంది, ఆ డీవీడీలు గీతలు పడ్డాయి, తర్వాత పెన్‌డ్రైవ్‌లు, అవి జేబుల్లో పోయాయి. కిందటి వేసవికి డిస్కులో ఒక్క పుస్తకం పట్టే జాగా కూడా లేకుండా పోయింది.

“కొన్ని తీసేయరాదూ, పదిహేనేళ్లనాటి శుభలేఖలెందుకు?” అని పిన్ని.

“ఆ అమ్మాయి చెల్లెలి పెళ్లికి అదే డిజైన్ కావాలని వస్తారే. అప్పుడు నువ్వు గీస్తావా?” అని బాబాయి.

ఎక్స్‌టర్నల్ డిస్కు కొనుక్కోవచ్చు కదా అని మీరనొచ్చు. కొనొచ్చు. కానీ ఆ మెషీన్‌కున్నది యూఎస్‌బీ 2. సెకనుకు 30, 35 ఎంబీ దాటి లాగదు. లోపల సాటా పోర్టుకు తగిలిస్తే అదే డిస్కు సెకనుకు వంద ఎంబీకి తగ్గకుండా చదువుతుంది. పైగా టేబుల్ మీద వైరుకు వేలాడేదాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తన్నుతారు. లోపల అర ఉండగా బయట పెట్టడమెందుకు?

డిస్కు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తీసుకున్నాను. కౌంటర్ దగ్గర కుర్రాడు నాలుగు టీబీది చూపించాడు. “సార్, రేటులో పెద్ద తేడా లేదు, ఇదే తీసుకోండి.” ఒక టీబీ చాలన్నాను. పాపం, డబ్బులు లేవేమో అనుకుని ఉంటాడు. డబ్బు సంగతి కాదు. అంకెల మనిషి గీసిన గీతలు అక్కడ అడ్డం ఉన్నాయి.

వాటి కథ చెప్పుకోదగ్గది. డిస్కు మీద సమాచారం 512 బైట్ల చొప్పున సెక్టార్లుగా ఉంటుంది. ప్రతి సెక్టారుకూ ఒక చిరునామా. చిరునామా రాయడానికి ఎంత చోటిచ్చారో డిస్కు అంతవరకే పెరగగలదు. తొలి పీసీల బయాస్‌లో ఈ చిరునామా మూడు ముక్కలు: సిలిండర్లు 1024, హెడ్లు 256, సెక్టార్లు 63. అన్నీ గుణిస్తే 8.4 జీబీ దాకా వస్తుంది. ఐడీఈ డిస్కులు తయారుచేసినవాళ్లూ ఇలాగే మూడు ముక్కలు పెట్టుకున్నారు గానీ పంపకం వేరు: 65,536 సిలిండర్లు, 16 హెడ్లు, 255 సెక్టార్లు. ఇది 137 జీబీ వరకూ వెళ్తుంది. రెండూ ధారాళమైన లెక్కలే. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో వచ్చిన డిస్కు 10 ఎంబీ. దానికి ఎనిమిది వందల రెట్లకు పైగా జాగా ఉంచినవాణ్ణి పిసినారి అనలేం. తీరా బయాసూ డిస్కూ మాట్లాడుకోవాల్సి వచ్చేసరికి ప్రతి ముక్కలోనూ ఇద్దరికీ కుదిరేది, అంటే ఏది చిన్నదైతే అది, తీసుకోవాల్సి వచ్చింది. 1024, 16, 63. గుణిస్తే 528 ఎంబీ. ఇద్దరు దాతలు కలిసి ఒక పిసినారి పని చేశారు.

దాన్ని తప్పించుకోవడానికి బయాస్‌లో ఒక దొంగలెక్క పెట్టారు, 8.4 జీబీ దాకా నడిచింది. తర్వాత మూడు ముక్కల పద్ధతే మానేసి, సెక్టార్లకు వరసగా నంబర్లిచ్చారు. నంబరుకు 28 బిట్లు. అది 137 జీబీ దగ్గర ఆగింది. 2002లో 48 బిట్లు చేశారు. ఎక్స్‌పీ మొదట వచ్చినప్పుడు 28 దగ్గరే ఉంది. సర్వీస్ ప్యాక్ 1తో 48కి ఎదిగింది. ఏ ప్యాకూ వేయని ఎక్స్‌పీకి 500 జీబీ డిస్కు తగిలిస్తే 137 దగ్గర కళ్లు మూసుకుంటుంది. బాబాయి మెషీన్‌లో ఏ ప్యాక్ ఉందో ఫోన్లోనే అడిగి తెలుసుకున్నాను. “ఎస్పీ 2 అని ఉందిరా, పోలీసు డిపార్ట్‌మెంటా?” అన్నాడు.

48 బిట్లు వచ్చాక ఇక అడ్డే లేదనుకుంటాం. లెక్కప్రకారం లేదు, 144 పెటాబైట్ల దాకా పోవచ్చు. కానీ డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతవరకుందో రాసిపెట్టే పార్టిషన్ టేబుల్ ఇంకొకరి చేతిరాత. అది 1983 నాటిది, అందులో 32 బిట్లే ఉన్నాయి. అక్కడ గీత 2.2 టీబీ. దాన్ని దాటే కొత్త పద్ధతి జీపీటీని 32 బిట్ల ఎక్స్‌పీ చదవలేదు. ఆ కుర్రాడి నాలుగు టీబీలో దాదాపు సగం ఈ మెషీన్‌కు ఉన్నా లేనట్టే.

ఇన్ని గీతలు చూశాక అంకెల మనిషిని తిట్టడం తేలిక. నేను తిట్టను. ఒక్కో బిట్టూ ఖరీదైన రోజుల్లో అతను ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. రేకు మనిషిలాగా ‘ఖాళీగా వదిలేస్తాను, తర్వాత చూసుకోండి’ అనడానికి అతనికి వెసులుబాటు లేదు. కానీ అంకెల మనిషికున్న జబ్బు వేరే. పోయిన తర్వాత కూడా పోడు. పైన చెప్పిన 63నే చూడండి. ఆరు బిట్లలో సున్నాను వదిలేస్తే మిగిలే సంఖ్య అది. సిలిండర్ల, హెడ్ల లెక్క ఎప్పుడో మూలపడ్డా, ఎక్స్‌పీ ఇవాళ్టికీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గరే మొదలుపెడుతుంది. కొత్త డిస్కులు లోపల 4096 బైట్ల పెద్ద సెక్టార్లు వాడతాయి, అంటే పాతవి ఎనిమిదింటికి కొత్తది ఒకటి. 63ను ఎనిమిది భాగించదు. దాంతో ఎక్స్‌పీ రాసే ప్రతి తునకా రెండు పెద్ద సెక్టార్ల మీద చెరో కాలు వేస్తుంది, రాయడం నత్తనడక అవుతుంది. అందుకని డిస్కును ముందు కొత్త కంప్యూటర్‌కు తగిలించి, పాత తరహా టేబుల్‌తోనే అక్కడ పార్టిషన్ చేయించాను. విండోస్ 7, ఆ తర్వాతవి 2048వ సెక్టార్ దగ్గర మొదలుపెడతాయి. అది ఎనిమిదికి లొంగుతుంది. ఎక్స్‌పీ దాన్ని మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది.

రేకు మనిషితో అయితే ఇలాంటి తంటాలే లేవు. ఈ సైజు డిస్కును స్కాట్లాండ్‌లోని రోడైమ్ కంపెనీ 1983లో తెచ్చింది, పట్టేది 10 ఎంబీ. ఇది మూడున్నర అంగుళాల డిస్కు అంటారు గానీ స్కేలు పెట్టి చూస్తే వెడల్పు నాలుగు అంగుళాలు. ఆ పేరు ఫ్లాపీ నుంచి వచ్చింది. లోపల పట్టేది లక్ష రెట్లు పెరిగింది. వెడల్పు మారలేదు. కిందటి సంవత్సరం తయారైన డిస్కు ఇరవై ఏళ్లనాటి గూట్లోకి జారి, స్క్రూ రంధ్రాలు ఎదురెదురుగా వచ్చి ఆగాయి. అలా ఆగినప్పుడు చేతికి తెలుస్తుంది, ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక కొలతకు ఇన్నేళ్లు కట్టుబడ్డారని.

స్క్రూల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. బాబాయి దగ్గర స్క్రూలన్నీ ఒక అమృతాంజనం సీసాలో ఉన్నాయి, రెండు జాతులు కలగలిసి. హార్డ్ డిస్కుకు పట్టేది గరుకు మర ఉన్నది, అమెరికా అంగుళాల కొలత. సీడీ డ్రైవ్‌కు పట్టేది సన్నమర, మిల్లీమీటర్ల కొలత. చూపుకు ఒకేలా ఉంటాయి. తప్పుది పెట్టి బలంగా తిప్పితే డిస్కు మర పోతుంది. రెండు చుట్లు వేళ్లతోనే తిరిగితే అది సరైన స్క్రూ. మొదటి చుట్టులోనే స్టార్ స్క్రూడ్రైవర్ అడిగితే కాదు. పాత డిస్కుకు ఆనుకుని ఉన్న అర కాకుండా ఒకటి వదిలి తర్వాతి దాంట్లో పెట్టాను, మధ్య గాలి ఆడడానికి. మే నెల తెనాలిలో ఫ్యానున్న గదిలో మనుషులకే ఊపిరాడదు.

ఆ బోర్డు మీద రెండు సాటా పోర్టులున్నాయి. 2003లో ఆ చిప్‌సెట్ వచ్చేనాటికి సాటా అప్పుడే కళ్లు తెరుస్తోంది. దాదాపు అందరూ ఇంకా బల్లపరుపు ఐడీఈ కేబులే వాడుతున్నారు, నీలం కొస బోర్డుకు, నల్లకొస డిస్కుకు, నడుమ బూడిదరంగు, వెనక మాస్టరో స్లేవో చెప్పే బుల్లి జంపరు. ఆ పోర్టులు అన్నాళ్లూ ఉత్తగానే ఉన్నాయి. కొత్త డిస్కుకు జంపరు గొడవ లేదు, సన్నటి కేబులు ఒకే రీతిగా తప్ప దూరదు. చిక్కు కరెంటు దగ్గర. పాత ఎస్ఎంపీఎస్‌కు సాటా పిన్ను లేదు, నాలుగు పిన్నుల తెల్ల కనెక్టరే ఉంది: పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నడుమ రెండు నలుపులు. మధ్యలో ఒక అడాప్టర్ పెట్టాలి. వైర్లను ప్లాస్టిక్‌లో పోతపోసిన చవక రకం లోపల షార్టయి కాలిపోయిన సందర్భాలున్నాయి. వైరు విడివిడిగా పిన్నుకు నొక్కి బిగించిన రకమే తీసుకోవాలి. ఇరవై, ముప్పై రూపాయల దగ్గర బేరమాడితే మేస్టారి పద్యాలు పొగలో పోతాయి.

ఆన్ చేశాం. బయాస్‌లో సాటాను నిద్రలేపాలి, కొత్త డిస్కు బూట్ వరసలో పాతదాని ముందుకు దూకిందేమో చూసుకోవాలి. ఎక్స్‌పీ వచ్చింది, కొత్త డ్రైవ్ కనిపించింది. 931 జీబీ అని.

“వెయ్యి అన్నావుగా, మిగతా 69 ఏవిరా?”

తయారుచేసేవాళ్లు వెయ్యికి ఒకటి చొప్పున పైకెళ్తారు, విండోస్ 1024కు ఒకటి చొప్పున వెళ్తుంది, బైట్లు తగ్గలేదు, లెక్కే వేరు అని చెప్పాను. నమ్మలేదు. చెనాయ్ సెంటర్‌లో నన్ను ముంచారనే ఆయన అభిప్రాయం.

ఇప్పుడు కొనే పలచటి లాప్‌టాప్‌లు చాలావాటిలో మెమరీ బోర్డుకే అతికించి వస్తోంది. ఫోన్లలో కార్డు పెట్టే చోటు తీసేస్తున్నారు. దానికి కారణాలున్నాయి: పలచన, వేగం, కిందపడితే కదిలే భాగాలుండవు. వాటిని కాదనను. నాకు నచ్చనిది వేరే ఉంది. ఎంత కావాలో ఊహించే బరువు పూర్వం ఇంజనీరు మోసేవాడు. అతని ఊహ తప్పినా పక్కన ఖాళీ అర ఉండేది. ఇప్పుడు కౌంటర్ దగ్గర నిలబడిన మనల్ని అడుగుతున్నారు, 128 కావాలా 256 కావాలా అని. ఐదేళ్ల తర్వాత మన ఇంట్లో ఎంతమంది పిల్లలుంటారో, వాళ్లవి ఎన్ని వీడియోలు తీస్తామో అప్పటికప్పుడు చెప్పాలి. తక్కువ చెబితే నెలనెలా అద్దె కట్టి క్లౌడ్‌లో చోటు తీసుకోవాలి. ‘నాకు తెలియదు, తర్వాత చూసుకుంటాను’ అనే జవాబుకు అక్కడ రేటు లేదు.

పాత డిస్కులోదంతా కొత్తదాంట్లోకి కాపీ పెట్టాం. తెల్లారేసరికి అయింది. ఒకే డబ్బాలో రెండు కాపీలున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని బాబాయికి చెప్పి, ఇంకో కాపీ నాతో హైదరాబాద్ తెచ్చుకున్నాను. పిడుగు పడితే అది డిస్కులు లెక్కపెట్టి ఒకటి వదలదు.

నేను సామాను సర్దుకుంటుంటే బాబాయి బీరువా అడుగు నుంచి తాళ్లతో కట్టిన కట్టలు దించాడు. కంప్యూటర్ రాకముందు, సీసపు అక్షరాలు కూర్చిన కాలంలో అచ్చయిన అట్టలూ, కరపత్రాలూ, నాటకాల నోటీసులూ. అన్నీ స్కాన్ చేస్తాడట, 600 డీపీఐలో, రంగుల్లో, కంప్రెస్ చేయకుండా. ఏ4 పేజీ ఒకటి వంద ఎంబీ పైన అవుతుందని చెప్పాను. కాగితం మీద భాగించుకున్నాడు.

“అంటే తొమ్మిది వేల పేజీలు కూడా పట్టవన్నమాట.”

“పట్టవు.”

“ఇంకో పోర్టు ఉందన్నావుగా?”

“ఉంది బాబాయ్. రెండు టీబీ దాటింది మాత్రం కొనకు.”